కోర్టు సీన్‌లోని స్పీచ్‌ని పిల్లలతో ఎలా విప్పించాలి?

మన పిల్లలకి ఏ పద్యమిచ్చినా ఉపమాలంకారం ఎక్కడుందో టకామని గీత గీసేస్తారు, అది అక్కడ ఎందుకుందిరా అంటే మాత్రం అందం కోసం సార్ అంటారు. ఈ రోగానికి నేను వాడే మందు షేక్‌స్పియర్ నాటకం మర్చంట్ ఆఫ్ వెనిస్ నాలుగో అంకంలో దయ గురించి పోర్షియా ఇచ్చే స్పీచ్.

కథ రెండు నిమిషాల్లో చెప్పెయ్యండి. ఫ్రెండ్ కోసం ఆంటోనియో 3000 డకట్లు (అప్పటి బంగారు నాణేలు) అప్పు చేశాడు, 3 నెలల గడువు దాటిపోయింది, పత్రం ప్రకారం వాడి ఒంట్లోంచి ఒక పౌండు మాంసం ఇవ్వాల్సిందే అని అప్పిచ్చిన షైలాక్ పట్టుబట్టాడు, ఆంటోనియోని కాపాడ్డానికి పోర్షియా మగవేషంలో లాయర్‌గా వచ్చింది.

స్పీచ్ మొదలెట్టే ముందు దానికి పైనున్న లైన్ చదివించండి, ఇదే అసలు కీలకం. దయ చూపించమని నన్నెవరు బలవంతపెడతారు, చెప్పు అంటాడు షైలాక్. స్పీచంతా దానికి జవాబే, అది వదిలేస్తే ఉత్త నీతిబోధలా మిగుల్తుంది.

ఇప్పుడు గట్టిగా చదివించి, దయ ఆకాశంలోంచి వానలా కురుస్తుందన్న పోలిక దగ్గర ఆపండి. బలవంతం చేస్తే వాన కురుస్తుందా? అతని మాటే పట్టుకుని అతని మీదకే తిప్పింది కదా. అక్కణ్ణుంచి రాజు కిరీటం, రాజదండం, ఆపైన దేవుడు, ఇలా మెట్టు మెట్టు ఎక్కుతుంది, బోర్డు మీద నిచ్చెన బొమ్మ వేస్తే వెనక బెంచీకి కూడా ఎక్కుతుంది.

తర్వాత "మనం" అనే మాట ఎక్కడొచ్చిందో వెతికించండి. మనమంతా దయ కోసం ప్రార్థిస్తాం అంటుంది, కానీ ఆ ప్రార్థన వింటే గుర్తొచ్చేది క్రైస్తవుల ప్రార్థన, ఎదురుగా ఉన్నది యూదుడు, పైగా కాస్త ముందే పేరుపెట్టి కాకుండా యూదుడా అని పిలిచింది. మరి ఆ "మనం"లో షైలాక్ ఉన్నాడా లేడా? క్లాసులో గొడవైతే అవనివ్వండి.

చివరికి స్పీచ్ ఫెయిలయిందని గుర్తుచెయ్యండి. నా పాపం నా నెత్తిన, నాకు చట్టం కావాలి అంటాడు షైలాక్. కేసు గెలిపించింది దయ కాదు, పత్రంలో రక్తం మాట లేదు కాబట్టి ఒక్క చుక్క కూడా కారకూడదన్న లిటిగేషన్ పాయింటు. అరిస్టాటిల్ చెప్పిన ఎథోస్ (మాట్లాడేవాడి మీద నమ్మకం), పేథోస్ (వినేవాళ్ల మనసు కదిలించడం), లోగోస్ (తర్కం) ఇక్కడ చెప్తే బుర్రకెక్కుతాయి, మొదటిరోజే చెప్తే ఎక్కవు.

హోంవర్క్‌కి అదే సీన్‌లో ముందొచ్చే షైలాక్ వాదన ఇవ్వండి: మీరు కొన్న బానిసల్ని వదిలెయ్యమంటే వదుల్తారా, ఈ పౌండు మాంసం కూడా నేను డబ్బు పోసి కొన్నదే అంటాడు. దానికి కోర్టులో ఎవరైనా సూటిగా జవాబు చెప్పారేమో వెతుక్కుని రమ్మనండి.