ఫస్టియర్ వాళ్లకి మెంటర్‌గా పెట్టారా? ఇలా మొదలుపెట్టండి

నేను కెమిస్ట్రీ ఆనర్స్ నాలుగో ఏడాది. మా దగ్గర ఫస్టియర్ వాళ్లని సీనియర్లకి అప్పగిస్తారు.

మొదటిసారి కలిసినప్పుడు "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడక్కండి. "లేవక్కా" అంటారు, అక్కడితో సరి. ల్యాబ్ రికార్డు తెమ్మనండి. టైట్రేషన్ రీడింగులు పక్కవాళ్లవి చూసి వేశారా, నార్మాలిటీ లెక్క దగ్గర ఆగిపోయారా అన్నది రెండు పేజీలు తిప్పితే తెలుస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లయితే ముందు తెలుగులోనే చెప్పించండి, తర్వాత పక్కన కూర్చుని ఇంగ్లిష్‌లో రాయించండి. మీ పాత రికార్డు మాత్రం ఇవ్వకండి, మర్నాటికల్లా క్లాసంతా తిరుగుతుంది!

క్రెడిట్ల సంగతి మొదటి సెమిస్టర్‌లోనే చెప్పాలి. యూజీసీ 2022 ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. రీసెర్చ్‌తో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు రావాలి. ఇది ఐదో సెమిస్టర్‌లో చెబితే ఏం లాభం?

వాట్సాప్ గ్రూప్ ఒక్కటే పెట్టుకుంటే నోరున్నవాళ్లే మాట్లాడతారు. మిగతావాళ్లని క్యాంటీన్‌లో విడిగా కలవండి. టీ డబ్బులు మీరే ఇవ్వాలి, సీనియర్ అన్నాక తప్పదు.

ఎవరైనా తిండి మానేసినా, క్లాసులకి రాకపోయినా మీరే డాక్టర్ అవ్వకండి. వార్డెన్‌కో, నమ్మకమున్న మేడమ్‌కో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 వాళ్ల ఫోన్‌లో సేవ్ చేయించండి. తెలుగులోనూ మాట్లాడతారు.