చింతగింజలతో కుదిరిన అక్కాతమ్ముళ్ల ఆట

మా బాబుకి ఆటిజం. అక్క ఆడదామని పిలిస్తే పలికేవాడు కాదు, అది అలిగేది. వాడికి చింతగింజలు గుప్పిట్లోంచి జారవిడవడం ఇష్టం కదా అని అటకమీది వామనగుంటల పీట దింపాను. 14 గుంటలు, గుంటకొక గింజ, గెలుపోటముల్లేవు. అక్క ఒకటి వేసి, గింజలున్న అరచెయ్యి చాపి ఊరుకుంటుంది. ఓపిక కావాల్సింది ఇక్కడే. వాడంతట వాడు తీసుకునేదాకా "వెయ్యి నాన్నా" అని ఎవరూ అనకూడదు, అమ్మమ్మతో సహా! మాటలెక్కువైతే చెవులు మూసుకుంటాడు. విసుగు రాకముందే ఆపేస్తాం. గింజలు నోట్లో పెట్టుకునే పిల్లలకైతే ఇది వద్దే వద్దు. రాత్రి అక్కకి నాతో అసలు ఆట, తమ్ముడు లేకుండా. అదే లేకపోతే ఎప్పుడో చేతులెత్తేసేది. ఇప్పుడు వాడే పీట తెచ్చి అక్క ముందు పెడుతున్నాడు, అది హోంవర్క్ చేసుకుంటున్నా సరే.