చెల్కలో వెదురు వేస్తే సబ్సిడీ: దరఖాస్తు ఎట్లా పెట్టాలి, తిరకాసు ఎక్కడ పడుతుంది

ఎకరానికి 200 మొక్కలు, మొక్కకు 120 రూపాయలు, అదీ మూడేళ్లకు పంచి. పట్టా భూమిలో వెదురు పెట్టే రైతుకు జాతీయ వెదురు మిషన్ 2018 లెక్కలో పెట్టిన సాయం స్థూలంగా ఇంతే. "గడ్డి పెంచితే సర్కారు లక్షలిస్తదట" అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట పక్కన పెట్టండి. తెలంగాణలో వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గర మా చెల్కలో (మెట్ట భూమిలో) ఎకరం వెదురు వేసి, ఆ మూడు విడతలూ తీసుకున్నవాణ్ని నేను. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్ల దరఖాస్తులు నింపడంలో కూడా చెయ్యి పెడుతున్నా.

వెదురును గడ్డి అంటే నవ్వకండి. వరి, మక్క, జొన్న ఏ కుటుంబానివో వెదురూ ఆ కుటుంబానిదే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకునే గడ్డి పంటలని మన దగ్గర ఇప్పుడు రెండింటి పేరు వినబడుతోంది. ఒకటి సూపర్ నేపియర్, రెండోది వెదురు. నేపియర్‌ను మురగబెట్టి గ్యాస్ తీస్తారు. వెదురును ముక్కలు కొట్టి, పొడి చేసి, పెల్లెట్లుగా (చిన్న గుళికలుగా) ఒత్తి బొగ్గుతో కలిపి కాలుస్తారు. నేపియర్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 2018 అక్టోబరులో మొదలైన సతత్ పథకం గ్యాస్ ప్లాంటు పెట్టేవాడి కోసం, అతని గ్యాస్‌ను ఆయిల్ కంపెనీలతో కొనిపించడం కోసం. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ గ్రాంటు కూడా ప్లాంటుకే, రోజుకు 4,800 కిలోల గ్యాస్ తీసే కొత్త ప్లాంటుకు 4 కోట్ల లెక్కన. అందులోంచి గడ్డి కోసే రైతు ఖాతాలో నేరుగా రూపాయి పడదు. ఆయనకు దక్కేది ప్లాంటువాడు కట్టిచ్చే టన్ను రేటే. రైతు తన పేరు మీద కాగితం పెట్టుకోగలిగేది వెదురుకు.

పైసలు ఎట్లా వస్తాయి

2018లో మిషన్‌ను 1,290 కోట్లతో తిరగరాసినప్పుడు మొక్కకు మూడేళ్ల ఖర్చు 240 రూపాయలని లెక్క కట్టి, అందులో సగం సర్కారు ఇస్తుందన్నారు. ఆ సగంలో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. రైతుకు మాత్రం మొదటి ఏడు 50 శాతం, రెండో ఏడు 30, మూడో ఏడు 20 చొప్పున వస్తుంది. ఐదు మీటర్లకు నాలుగు మీటర్ల ఎడంతో ఎకరానికి 200 మొక్కలు పడితే మొదట 12 వేలు, తర్వాత 7,200, ఆఖరున 4,800. మొత్తం 24 వేలు. ఇవి మిషన్ మొదటి లెక్కలు. ఈ ఏడాది మీ జిల్లాకు టార్గెట్ ఎంత వచ్చింది, రేటు మారిందా అన్నది ఏప్రిల్ దాటాక ఉద్యానశాఖ ఆఫీసులో అడిగి, మంజూరు కాగితంలో కళ్లతో చూసుకున్నాకే అడుగు వేయండి.

కంచె ఖర్చు ఆ 240లో ఎక్కడా ఇమడదు. వెదురు పిలక లేతగా ఉన్నప్పుడు పశువుకూ, కోతికీ, అడవి పందికీ పండగే. మా చెల్కలో మొక్కల కంటే కంచెకే ఎక్కువైంది. అది జేబులోంచే.

ముందు కొనేవాడు, తర్వాతే ఫారం

2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కరెంటు ప్లాంట్లలో బయోమాస్ పెల్లెట్లు 5 శాతం కలపాలని విధానం తెచ్చింది. మనకు రామగుండం ప్లాంటు దగ్గరే, భూపాలపల్లి చెల్పూరులోని కాకతీయ థర్మల్ ప్లాంటు ఇంకా దగ్గర. పొయ్యి పక్కూళ్లోనే ఉంది కదా, కట్టె అమ్ముడుపోదా అని చాలామంది అనుకుంటున్నారు. అక్కడే ఆగాలి. ప్లాంటువాళ్లు మన దగ్గర బొంగు కొనరు. పెల్లెట్లు కొంటారు, అదీ టెండరు మీద. మధ్యలో పెల్లెట్లు ఒత్తే యంత్రం ఉన్నవాడు ఒకడు కావాలి. అతనికున్న టెండరులో వెదురు పెల్లెట్‌కు చోటుందా, లేక పత్తికట్టె, వరిగడ్డి వంటి పంట వ్యర్థాలకేనా అన్నది అతన్నే అడగాలి. పచ్చి బొంగు బరువులో దాదాపు సగం నీళ్లే. యాభై కిలోమీటర్లు ట్రాక్టరు మీద తోలితే సగం కిరాయి నీళ్లకు కట్టినట్టు.

అమెరికాలో 2008 వ్యవసాయ చట్టంతో ఇంధన పంటలకు సాయం పెట్టినప్పుడు, పంట కొని వాడుకునే ప్లాంటు ఉన్న ప్రాంతాలనే పథకంలోకి తీసుకున్నారు. ఆ ఏర్పాటు నాకు నచ్చింది. మన దరఖాస్తుతో పాటు కొనేవాడి కాగితం ఎవరూ అడగరు, కాబట్టి మనమే తెచ్చుకోవాలి. అస్సాంలో నుమాలిగఢ్ దగ్గర వెదురు నుంచి ఇథనాల్ తీసే రిఫైనరీ 2025 సెప్టెంబరులో మొదలైంది, నిజమే. దాని వీడియోలు చూపించి ఇక్కడ మొక్కలు అమ్మేవాళ్లున్నారు. అక్కడి పొయ్యిలోకి మన బొంగు పోదు.

పెల్లెట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కాకర, బీర పందిళ్లకూ, టమాట కర్రలకూ, మేదరివాళ్లకూ ఏటా బొంగు కావాలి. అయితే మేదరికి కావాల్సిన బొంగు వేరు, కాల్చేవాడికి కావాల్సింది వేరు. తట్టకూ చాటకూ సన్నగా చీలే బొంగు ఉండాలి. కాల్చేవాడు టన్నులే చూస్తాడు, అందుకని లావుగా పెరిగే బాల్కోవా రకం అడుగుతాడు. దరఖాస్తులో రకం పేరు రాయాల్సి వస్తుంది కాబట్టి ఈ తీర్మానం ముందే కావాలి.

ఎవరి దగ్గరికి పోవాలి

రైతు వేదికలో ఉండే ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పంట నమోదు చూస్తారు, వెదురు మాత్రం ఉద్యానశాఖ పని. మీ మండలానికి హెచ్‌ఈఓ (ఉద్యాన విస్తరణ అధికారి) గానీ, నియోజకవర్గానికి ఉద్యాన అధికారి గానీ ఉంటారు. ఎవరో తెలియకపోతే ఏఈఓనే అడగండి, ఫోన్ నంబర్ ఇస్తారు. పైన జిల్లా ఉద్యాన, పట్టుపరిశ్రమ శాఖ అధికారి ఉంటారు. సలహా కోసం యూనివర్సిటీకి పోదామనుకుంటే ఒక జాగ్రత్త. ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల రెండూ ములుగులోనే ఉన్నాయి గానీ అది సమ్మక్క జాతర జరిగే మన ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. హనుమకొండలో తప్పు బస్సెక్కి రోజంతా పోగొట్టుకున్నవాడు మా ఊళ్లోనే ఉన్నాడు. మట్టి, నీళ్ల పరీక్షకు అంత దూరం అక్కర్లేదు, వరంగల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో (కేవీకే) అడగండి.

కాగితాలు మామూలువే. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటోలు, ఎస్సీ ఎస్టీ రైతులైతే కుల ధ్రువీకరణ పత్రం. వీటిలో ఏదీ దొరకనిది కాదు. ఇబ్బంది అంతా వాటిలోని పేర్లతోనే. పాస్‌బుక్‌లో ఎల్లయ్య, ఆధార్‌లో యెల్లయ్య, బ్యాంకులో ఇంటిపేరు ముందుకు వచ్చి ఇంకోలా. మనకు ముగ్గురూ ఒక్కడే, కంప్యూటర్‌కు ముగ్గురు. నా రెండో విడత ఏడు నెలలు ఆగింది ఇలాంటి ఒక్క అక్షరం దగ్గరే. బ్యాంకు మార్చినప్పుడు కొత్త ఖాతాలో పేరు ఆధార్‌తో సరిపోక లింకు కాలేదు, నేను చూసుకోలేదు, ఆఫీసులో "పంపేశాం" అంటారు, బ్యాంకులో "రాలేదు" అంటారు. ఫారం ముట్టుకోకముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. భూమి వివరం 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతి (రాష్ట్ర భూ రికార్డుల) పోర్టల్‌లో సర్వే నంబర్ కొట్టి, పాస్‌బుక్‌తో గుంటలతో సహా సరిపోయిందో లేదో చూడండి. తండ్రి పేరు మీదే ఇంకా పట్టా ఉంటే విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి) ముగించుకునే రండి. కౌలుకు చేసేవాళ్ల పేరు మీద కాదు, పట్టా ఎవరిదైతే దరఖాస్తు వాళ్లదే.

ఫారం ఇచ్చాక మీ దరఖాస్తు నంబరో, తీసుకున్నట్టు సంతకమో తెచ్చుకోండి. తర్వాత అధికారి భూమి చూడటానికి వస్తారు. నీళ్ల వసతి ఉందా, వాన నీళ్లు నిలుస్తాయా అని చూస్తారు. వెదురుకు నీళ్లు కావాలి గానీ కాళ్ల కింద నిలబడకూడదు.

మంజూరు కాగితం రాకముందు మొక్క నాటొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. మిరుగు కార్తె వచ్చింది, వాన పడింది, మొక్క దొరికింది అని తొందరపడి జూన్‌లోనే నాటేసిన ఇద్దరికి "ముందే నాటారు కదా" అన్న ఒక్క మాటతో దరఖాస్తు వెనక్కి వచ్చింది. అందుకే ఎండాకాలంలోనే తిరగడం మొదలుపెట్టాలి. మంజూరు అయ్యాక గుర్తింపు ఉన్న నర్సరీలోనే కొని, రకం పేరు, మొక్కల సంఖ్య రాసిన బిల్లు తీసుకోండి. బాల్కోవా విత్తనం అని ఎవరైనా అమ్మితే డబ్బులివ్వకండి. ఆ రకం విత్తనం కట్టేదే అరుదు. టిష్యూ కల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్కో, కణుపు నుంచి పెంచిన మొక్కో తీసుకోవాలి.

లెక్క పెట్టే రోజు

నాటిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ప్రతి విడతకు ముందు అధికారి వచ్చి బతికిన మొక్కల లెక్క తీసి, ఫోటో తీసి, జియోట్యాగ్ చేస్తారు (ఫోటోకు ఆ చోటు గుర్తు జోడిస్తారు). మా చెల్కకు వచ్చింది మార్చి నెలలో. ఆకు మొత్తం రాలిపోయి, మొక్కలు ఎండిన చీపురు పుల్లల్లా నిలబడ్డాయి. మూడో సాలులోనే "ఇది పోయింది, ఇదీ పోయింది" అని రాసుకుంటున్నారు. నేను వంగి మొదట్లో గోటితో గీకి చూపించా, లోపల పచ్చగా ఉంది. ఇంకో మొక్క పాదులో ఎండు గడ్డి తీస్తే వేలంత పిలక, గోధుమరంగు పొర చుట్టుకుని, మట్టిని పగులగొట్టుకుని వస్తోంది. అప్పటి నుంచి ఆయనే ప్రతి మొక్క దగ్గరా వంగి చూశారు. 200లో 31 నిజంగానే పోయాయి. వాటిని తొలకరిలో నింపాను. చనిపోయిన మొక్కలకు బదులు పెట్టడానికి ఓ ఇరవై ముప్పై మొక్కలు సంచుల్లో ఇంటి దగ్గర పెంచుకుంటే ఆ ఖర్చు తగ్గేది, నాకు తట్టలేదు. సాలుకు ఎన్ని మొక్కలో చెక్క మీద రాసి పాతితే లెక్క తొందరగా తెములుతుంది.

మొదటి రెండేళ్లు సాళ్ల మధ్య కంది, పెసర వేసుకోవచ్చు. కోత నాలుగు, ఐదో ఏట మొదలవుతుంది. అప్పుడు కూడా మూడేళ్లు నిండిన బొంగునే తీయాలి, ఆ ఏడాది వచ్చింది ముట్టుకోకూడదు.

పోడు భూములు, చెక్‌పోస్టులు

ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు అటవీ హక్కుల పట్టాలున్నవాళ్లు ఎక్కువ. వాళ్లకు ఈ సంగతి వేరుగా చెప్పాలి. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టేది. 2017 చివర్లో సవరణ చేసి, అడవి కాని భూమిలో పెంచిన వెదురును నరకడానికీ తోలడానికీ పర్మిట్ అక్కర్లేకుండా చేశారు. ఆ వెసులుబాటు అడవి బయటి భూమికే. అటవీ భూమిలోని వెదురుకు 2006 హక్కుల చట్టం దారి చూపుతుంది, అందులో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి. కాబట్టి అలాంటి భూమిలో వేసేవాళ్లు ఉద్యానశాఖతో పాటు అటవీశాఖ రేంజ్ ఆఫీసులో కూడా రాతపూర్వకంగా అడిగాకే దిగాలి.

పట్టా భూమివాళ్లకు పర్మిట్ అక్కర్లేదన్నంత మాత్రాన చెక్‌పోస్టులో బండి ఆపరని కాదు. రాత్రిపూట తాడ్వాయి, మహదేవ్‌పూర్ దారిలో బొంగుల బండి వస్తే అడవిదో చెల్కదో చూసి చెప్పడం ఎవరికీ రాదు. 2023 డిసెంబరులో వచ్చిన నేషనల్ ట్రాన్సిట్ పాస్ సిస్టమ్‌లో ఇలాంటి సరుకుకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకునే వీలుంది. ఆ ప్రింటు, పాస్‌బుక్ జిరాక్సు, నాటినప్పటి మంజూరు కాగితం, ఈ మూడూ ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ట్రాక్టరు టూల్‌బాక్సులో ఉంచండి. డ్రైవర్‌కు కూడా చూపించి పెట్టండి, బండితో పాటు ప్రతిసారీ మీరు ఉండరు.