రోహిణి కార్తెలో హైదరాబాద్ నుంచి మటన్ తెస్తున్నారా? ఐస్ డబ్బా నుంచి పెంక దాకా జాగ్రత్తలు

వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ ఇళ్లల్లో స్టేక్ వండుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. పొట్టేలు చాప్స్, బొక్క లేని తొడ ముక్కలు, కొందరి ఇళ్లల్లో పెద్దకూర అండర్‌కట్ (నడుము దగ్గరి మెత్తటి కండ) మందంగా కోయించి బీడు పెంక మీద కాలుస్తున్నారు. ఆ కోత, వాక్యూమ్ ప్యాకింగ్, దాంతోపాటు వెన్న, చీజ్, క్రీమ్ అన్నీ ఒకేచోట దొరకాలంటే చాలామంది హైదరాబాద్ హోల్‌సేల్ మార్టులకే పోతున్నారు. చలికాలంలో ఈ పనిలో పెద్ద ఇబ్బంది లేదు. మే నెలాఖరులో రోహిణి కార్తె మొదలై 42, 44 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు దాదాపు 150 కిలోమీటర్లు పచ్చి మాంసం మోసుకు రావడం మాత్రం ఆషామాషీ కాదు.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం మీద సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మామూలు రోజుల్లో ఫ్రిజ్ బయట రెండు గంటల దాకా ఉండొచ్చంటారు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. ఉప్పల్ నుంచి హనుమకొండకు దాదాపు మూడు గంటలు. ఐసు లేకుండా తెస్తే గడువు భువనగిరి దగ్గరే అయిపోతుంది.

కొనడానికి ముందు ఫ్రీజర్ చూడండి

ఎంత కొనాలో చెప్పేది కారు డిక్కీ కాదు, మీ ఇంటి ఫ్రీజర్. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ధర బాగుందని పది కిలోలు తెచ్చి సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో కుక్కేస్తారు. గడ్డకట్టిన సరుకును అలాగే కాపాడటం ఫ్రీజర్‌కు సులువు. గడ్డకట్టని సరుకును గడ్డకట్టించడం చాలా కష్టం. ఒకేసారి ఎక్కువ పెడితే చుట్టూ ఉన్న ముక్కలు గట్టిపడతాయి గానీ, నడిమిట్లోవి తెల్లారేదాకా మెత్తగానే ఉంటాయి. పైగా లోపల ముందునుంచి ఉన్న సరుకు కూడా కరగడం మొదలుపెడుతుంది.

24 గంటల్లో ఎన్ని కిలోలు గడ్డకట్టించగలదో ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం దొరక్కపోతే సింగిల్ డోర్‌కు రోజుకు 2 కిలోలు, డబుల్ డోర్‌కు 3, 4 కిలోలు దాటొద్దన్నది మా మాట. మిగతాది ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లటి అరలో ఉంచి మర్నాడు మార్చుకోవచ్చు. పోయే ముందురోజే ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు తీసేసి, నాబ్ బాగా చల్లటి వైపు తిప్పి పెట్టండి. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకు దిగాలి. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు ఎండాకాలంలో అంత దిగవు. అలాంటి ఇంట్లో మాంసం రెండు, మూడు వారాలకు మించి నిలవ పెట్టే ఆలోచనే వద్దు.

ఐస్ డబ్బా

సరుకు ఎన్ని కిలోలో ఐసు అన్ని కిలోలు ఉండాలి. లెక్క ఎక్కువనిపించినా తగ్గించొద్దు. కిలో ఐసు కరిగేలోపు పీల్చుకునే వేడి, కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీలకు తెచ్చేంత ఉంటుంది. మూడు గంటల ప్రయాణాన్ని కాచేది ఆ వేడే. చూర ఐసు తొందరగా కరుగుతుంది. సీసాలలో, పాల ప్యాకెట్లలో నీళ్లు పోసి గట్టిగా గడ్డకట్టించిన దిమ్మలైతే నిలుస్తాయి, నీళ్లు కూడా చిందవు.

పెద్ద ఐస్ బాక్స్ లేకపోతే చేపల దుకాణంలో దొరికే మందపాటి థర్మోకోల్ పెట్టె చాలు. మూత సందులకు టేపు అంటించండి. డబ్బాను ముందురోజు రాత్రే ఇంట్లో చల్లటి చోట పెట్టి లోపల ఒక దిమ్మ వేసి మూసి ఉంచాలి. ఎండలో కాగిన ఖాళీ డబ్బాలో ఐసు వేస్తే అందులో కొంత డబ్బాను చల్లబరచడానికే ఖర్చయిపోతుంది. అడుగున దిమ్మలు, వాటిమీద మాంసం, పైన మళ్లీ దిమ్మలు పరచండి. సందుల్లో పాత పేపర్లు కుక్కండి. కోడి కూర ఉంటే వేరే కవరులో కట్టి అన్నిటికన్నా కింద పెట్టాలి. మూత మాటిమాటికీ తీయొద్దు. తాగే నీళ్ల సీసాలకు ఇంకో చిన్న డబ్బా పెట్టుకోండి.

ఫ్రోజెన్ సరుకు ఉన్న డబ్బాలో ఐసుకు దొడ్డుప్పు కలిపితే చల్లదనం సున్నాకంటే కిందికి దిగుతుంది. అయితే ఐసు తొందరగా కరిగిపోతుంది కాబట్టి దిమ్మలు ఎక్కువ పెట్టుకోవాలి. డ్రై ఐస్ మాత్రం కారులో వద్దే వద్దు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, నీళ్లు కాకుండా నేరుగా గాలిగా మారుతుంది. అద్దాలు మూసి ఏసీ వేసుకున్న కారులో ఆ గాలి పేరుకుంటే ఊపిరాడదు, స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది.

మృగశిర కార్తె దగ్గర పడితే చేపల గిరాకీ పెరుగుతుంది. అప్పుడు ఐసుకూ గిరాకీ ఉంటుంది కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి.

మార్టులో, దారిలో

కొన్ని హోల్‌సేల్ మార్టుల్లో జీఎస్టీ నంబరు మీద ఇచ్చిన కార్డు లేనిదే లోపలికి రానివ్వరు. అంత దూరం పోయి గేటు దగ్గర తిరిగి రాకుండా ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

బియ్యం, నూనె డబ్బా, సబ్బులు మొదట తీసుకోండి. వెన్న, చీజ్ తర్వాత. మాంసం అన్నిటికన్నా చివర. బిల్లు కట్టగానే సరుకు నేరుగా ఐస్ డబ్బాలోకి పోవాలి. ఎండలో గంటసేపు నిలిపిన కారు డిక్కీ లోపల బాగా కాగిపోతుంది కాబట్టి డబ్బా డిక్కీలో కాకుండా ఏసీ తగిలే వెనక సీటు కింద ఉండాలి. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, దోమల మందు వంటివి తిండి సరుకుతో కలపకుండా డిక్కీలో వేయండి.

ఫ్రోజెన్ ప్యాకెట్ కొనేటప్పుడు లోపల మంచు తునకలు పేరుకుని ఉన్నాయేమో చూడండి. ఉంటే అది ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడి ఉండొచ్చు, తీసుకోవద్దు. వాక్యూమ్ ప్యాకెట్ ఉబ్బి ఉన్నా వదిలేయండి. ప్యాకెట్‌లో మాంసం ముదురు ఊదా రంగులో ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. గాలి తగలకపోవడం వల్ల ఆ రంగు వస్తుంది. విప్పిన అరగంటలో ఎరుపెక్కుతుంది, మొదట వచ్చే పులిసిన వాసన కూడా పోతుంది. అరగంట తర్వాత కూడా వాసన పోకపోయినా, చేతికి జిగట తగిలినా పారేయాల్సిందే.

యాదగిరిగుట్ట దర్శనం, చుట్టాల ఇల్లు ఏదున్నా పోయేటప్పుడే చూసుకోండి. వచ్చేటప్పుడు ఎక్కడా ఆగొద్దు. మధ్యాహ్నం బయల్దేరి సాయంత్రం ఆరు గంటలకు మాంసం కొని, పొద్దు గూకాక తిరుగు ప్రయాణం పెట్టుకోవడం అన్నిటికంటే మేలు. ఉప్పల్, ఘట్‌కేసర్ మధ్య సాయంత్రం బండ్లు కదలవు. అందుకే మూడు గంటల దారిని నాలుగు గంటలుగా లెక్కేసి ఐసు పెట్టుకోండి. సిద్దిపేట మీదుగా కరీంనగర్ పోయేవాళ్లకూ ఇదే లెక్క.

ఇంటికి చేరాక

రాత్రి పదింటికి అలసిపోయి వచ్చినా మాంసం పని అయ్యాకే పడుకోవాలి. డబ్బా తెరవగానే ముక్కను పట్టుకుని చూడండి. ఫ్రోజెన్ సరుకులో ఇంకా మంచు గట్టిగా తగులుతుంటే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. పూర్తిగా మెత్తబడి, చల్లదనం కూడా పోయిందంటే మళ్లీ గడ్డకట్టించొద్దు. అది ఎంతసేపు అలా ఉందో తెలియదు కాబట్టి వండుకోవడం కూడా క్షేమం కాదు.

ఒక పూటకు సరిపడా ముక్కలను జిప్ కవర్లో పరిచి, గాలి వత్తేసి, రెండు వేళ్ల మందంలో పలకగా చేయండి. ముద్దగా కట్టిన కిలో మాంసం గడ్డకట్టడానికి పట్టే సమయంలో అలాంటి పలకలు కొన్ని తయారవుతాయి. తేదీ, కోత పేరు రాసి అంటించండి. మైనస్ 18 నిలిచే ఫ్రీజర్‌లో మటన్ ముక్కలు ఆరు నెలలు, ఖీమా మూడు నెలలు బాగుంటాయి.

మన ఊళ్లోనే ఆదివారం పొద్దున కోసిన మటన్ తెచ్చుకునేవాళ్లకు ఇంకో మాట. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, మళ్లీ సడలడానికి ఒక రోజు పడుతుంది. ఆ బిగువు మీదే గడ్డకట్టించినా, పెంక మీద వేసినా ముక్క చెప్పులా సాగుతుంది. కుక్కర్‌లో ఉడికించేదైతే ఇబ్బంది లేదు. స్టేక్‌కైతే ముక్కను ఫ్రిజ్ కింది అరలో, మూత పెట్టిన గిన్నెలో 24 గంటలు ఉంచాకే వాడండి.

కరెంటు పోతే

మే నెల గాలిదుమారానికి స్తంభాలు పడితే గంటల తరబడి కరెంటు రాదు. తలుపు తెరవకుంటే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు కాస్తుందని లెక్క. కింది ఫ్రిజ్ నాలుగు గంటలే. ఆ లెక్కలు మంచి ఫ్రీజర్‌కు వర్తించేవి, మన ఎండకు తక్కువే అనుకోండి. ఊరికి పోతున్నప్పుడు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి దానిమీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే అంతా కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. ఆ మాంసం పారేయండి.

వండేటప్పుడు

గడ్డకట్టిన ముక్కను గట్టు మీద పెట్టి కరిగించొద్దు. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించండి. తొందరుంటే కవరు విప్పకుండా చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. పలకగా చేసినది గంటలో కరుగుతుంది. పసుపు నీళ్లతో కడిగే అలవాటు కూరకు సరే, స్టేక్‌కు వద్దు. తడి ముక్క పెంక మీద కాలదు, ఆవిరికి ఉడుకుతుంది. శుభ్రమైన గుడ్డతో లేదా టిష్యూతో అద్ది పొడిగా చేయండి. కిలోకు రెండు చెంచాల సన్నుప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో 40 నిమిషాలు ఉంచండి. పది నిమిషాలకే వేస్తే ఉప్పు లాగిన నీళ్లు పైనే ఉంటాయి, ముక్కకు రంగు రాదు. పచ్చి బొప్పాయి ముద్ద కిలోకు ఒక పెద్ద చెంచా, అరగంట. రాత్రంతా ఉంచితే పైపొర పిండిలా అయిపోతుంది.

నాన్‌స్టిక్ పెంక వద్దు. దాని పూత 260 డిగ్రీలు దాటితే హాని చేసే పొగ వదులుతుంది. ఖాళీ పెంక పెద్ద మంట మీద తొందరగానే ఆ వేడికి చేరుతుంది. బీడు పెంకను మధ్యస్థ మంట మీద ఐదు నిమిషాలు కాచి, నీటి చుక్క ఉండలా దొర్లితే వేడి సరిపోయిందని తెలుసుకోండి. నూనె పెంకలో కాకుండా ముక్కకు పూయండి. రిఫైన్డ్ పల్లినూనె లేదా నెయ్యి వాడండి, గానుగ నూనె తక్కువ వేడికే పొగ లేస్తుంది. వెన్న, ఎల్లిగడ్డ చివరి నిమిషంలో, మంట తగ్గించాకే వేయాలి.

పత్తర్ కా గోష్ (రాతి పలక మీద కాల్చే మటన్) చేద్దామని మిగిలిపోయిన గ్రానైట్ ముక్కను పొయ్యి మీద పెట్టేవాళ్లున్నారు. కరీంనగర్ వైపు ఆ ముక్కలకు కొదవ లేదు. పాలిష్ చేసిన పలకకు రెజిన్, మైనం పట్టించి ఉండొచ్చు, అది తిండికి పనికిరాదు. పాలిష్ లేని రాయి కూడా తడిగా ఉంటే వేడికి పెటిల్లున పగిలి చెక్కలు లేస్తుంది. ఆరిన రాయిని సన్నటి మంట మీద మెల్లగా కాచాలి, ముఖం దగ్గర పెట్టొద్దు.

కిటికీలు తెరవండి, నైలాన్ చున్నీ తీసేసి నూలు బట్టలు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. గ్యాస్ కట్టేసి మూత బోర్లించండి. ఆ మూత ముందునుంచే చేతికి అందేలా ఉండాలి.

ఉడికిందో లేదో వేలితో నొక్కి చెప్పడం కొత్తవాళ్లకు కుదరదు. చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. ఐసు నీళ్లలో ముంచితే సున్నా, మన ఎత్తులో మరిగే నీళ్లలో 99 దగ్గర చూపించాలి. 3 సెంటీమీటర్ల మందం చాప్‌ను నిమిషానికోసారి తిప్పుతూ ఏడెనిమిది నిమిషాలు కాల్చి, మొనను బొక్కకు తగలకుండా నడిమిట్లో గుచ్చి చూడండి. 60 దగ్గర దించి పళ్లెంలో పెడితే ఐదు నిమిషాల్లో 63 దాటుతుంది. కనీసం 63 చూసి, ఆపై మూడు నిమిషాలు ఆగాకే కోయాలి. కోసినప్పుడు కారే ఎర్రటి రసం నెత్తురు కాదు, కండలో ఉండే రంగు పదార్థం కలిసిన నీరు. 70 దాటితే ముక్క గట్టిపడుతుంది.

ఈ 63 లెక్క ఖీమా కొట్టని, సూదులతో గుచ్చని నిండు కండకే. సూక్ష్మజీవులు ఎక్కువగా దాని పైనే ఉంటాయి, పెంక వేడికి చస్తాయి. ఖీమా, సూదులతో గుచ్చి మెత్తబరిచిన ముక్కల్లో అవి లోపలికి చేరి ఉంటాయి. అలాంటి మాంసం 71 దాకా, కోడి 74 దాకా ఉడకాలి. గర్భిణులకు, ఐదేళ్ల లోపు పిల్లలకు, ముసలివాళ్లకు, కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు ఏ ముక్కయినా 71 దాటే దాకా కాల్చే పెట్టండి. గర్భిణులకు సగం ఉడికిన మటన్‌తో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకే ప్రమాదం ఉంది, అది కడుపులో బిడ్డకు చేరుతుంది.

పచ్చి ముక్క పెట్టిన పళ్లెంలోనే కాల్చినది పెట్టొద్దు. నానబెట్టిన మసాలాను సాస్‌లా వాడాలంటే బాగా మరిగించాలి. మిగిలిన ముక్కలు గంటలోపు ఫ్రిజ్‌కు పోవాలి. ఐస్ డబ్బాను సబ్బు నీళ్లతో, ఆ తర్వాత బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి మూత తీసి ఆరబెట్టండి.

తిన్న కొన్ని గంటల నుంచి రెండు, మూడు రోజుల్లోపు వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ తాగిస్తూ ఉండండి. విరేచనంలో నెత్తురు పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, మూత్రం తగ్గినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా మందుల షాపు గోళీలతో సరిపెట్టుకోకుండా దవాఖానకు పోండి. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గిపోవడానికి పెద్దగా సమయం పట్టదు. పిల్లల విషయంలో ఒక్క పూట కూడా ఆగొద్దు.