క్లాస్‌రూంలో ట్రౌట్ పెంచాలంటే ముందు నీళ్లని పెంచాలి

ట్రౌట్ అంటే చల్లటి వాగుల్లో బతికే చేప. అమెరికాలో మన పిల్లలు చదివే స్కూళ్లలో కొన్నిట్లో ‘ట్రౌట్ ఇన్ ది క్లాస్‌రూం’ అని ప్రోగ్రాం ఉంటుంది. చలికాలం మొదట్లో దాని గుడ్లు తెచ్చి క్లాసులోనే పొదిగించి, ఎండలు ముదరకముందే పిల్లచేపల్ని వాగులో వదిలేస్తారు. 1959లో మిషిగన్‌లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ వాలంటీర్లు చాలా చోట్ల దీనికి సాయం చేస్తారు. మా పాప నాలుగో క్లాసులో ఉన్నప్పుడు నేనూ చేరా, మూడేళ్లు ట్యాంక్ చూసుకున్నా, అందుకే మీ పిల్లల టీచర్ ‘ఎవరైనా పేరెంట్ హెల్ప్ చేస్తారా’ అంటే భయపడకుండా చెయ్యెత్తండి అని ఇది రాస్తున్నా.

మన కొర్రమీను అయితే బురదనీళ్లలో కూడా పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. ట్రౌట్ అలా కాదు, దానికి చల్లటి నీళ్లు కావాలి, ఎందుకంటే నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ ఆక్సిజన్ నిలుస్తుంది. కాబట్టి 55 గ్యాలన్ల ట్యాంక్, ఫిల్టర్, ఎయిర్ పంప్‌తో పాటు నీళ్లని చల్లబరిచే చిల్లర్ తప్పనిసరి, అన్నిటికన్నా ఖరీదైంది అదే. నీళ్లు 50 నుంచి 52 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచండి. ట్యాంక్ చుట్టూ ఫోం బోర్డు కడితే చిల్లర్ మీద లోడ్ తగ్గుతుంది, లోపలికి వెలుతురూ పోదు, గుడ్లకి చీకటే మంచిది. ప్లగ్ మీద మాత్రం ‘తియ్యొద్దు’ అని పెద్దక్షరాలతో రాసి అంటించండి, రాత్రి క్లీనింగ్‌కి వచ్చేవాళ్లకి కూడా ఒకమాట చెప్పి ఉంచండి.

గుడ్లు రావడానికి నెల, నెలన్నర ముందే ట్యాంక్ నింపాలి. చేపల వ్యర్థం వాటికే విషమైన అమ్మోనియా అవుతుంది, ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకోరకం ఆ నైట్రైట్‌ని అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తాయి, ఆ బ్యాక్టీరియా పెరగడానికే ఈ టైం, నీళ్లని పెంచడమంటే ఇదే. చల్లటి నీళ్లలో అవి మెల్లగా పెరుగుతాయి కాబట్టి ముందు రూం టెంపరేచర్‌లో నడవనిచ్చి, తర్వాత చిల్లర్ ఆన్ చెయ్యండి. కుళాయి నీళ్లని ఒకరోజు ఊరికే ఉంచితే చాలనుకోకండి, క్రిములు చావడానికి అందులో కలిపే క్లోరమైన్ అలా పోదు, దాన్ని విరిచే డీక్లోరినేటర్ మందు వెయ్యాల్సిందే.

గుడ్డు పెసరగింజంత ఉంటుంది, నారింజ రంగులో, లోపల రెండు నల్లచుక్కలు, అవి కళ్లు. మా పాప మొదటిసారి చూసి ‘నాన్నా, అది నన్నే చూస్తోంది’ అంది. తెల్లగా అయిపోయిన గుడ్డు చచ్చిపోయినట్టే, రోజూ డ్రాపర్‌తో తీసెయ్యాలి, లేకపోతే బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది. ఈ పని పిల్లల చేతే చేయించండి, ఎన్ని పోయాయో రాయించండి, దాచొద్దు. వాగులో కూడా ఇంతే, గట్టు తెగి మట్టి కొట్టుకొచ్చి గులకరాళ్ల మధ్య పేరుకుంటే గుడ్లకి ఊపిరాడదు, ఆ సంగతి ఇక్కడ చెప్తే పిల్లలకి ఎప్పటికీ గుర్తుంటుంది.

పొదిగాక రెండు మూడు వారాలు పొట్టకింద సంచిలో ఉన్న ఆహారంతోనే బతుకుతాయి, అప్పుడు మేత వెయ్యకూడదు. చాలామటుకు పైకి లేచి ఈదడం మొదలుపెట్టాకే పొడి మేత, అదీ చిటికెడు. నేను పెద్ద దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక సంక్రాంతి టైంలో మూడ్రోజులు స్కూల్ సెలవు, పాపం ఆకలితో ఉంటాయేమోనని శుక్రవారం ఎక్కువ వేసి వెళ్లా, మంగళవారం వచ్చేసరికి నీళ్లు మసకబారి అమ్మోనియా పెరిగిపోయి సగం చేపలు అడుగున పడున్నాయి. పిల్లలు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. ఒకట్రెండు రోజులు తినకపోతే చేపకి ఏం కాదండీ, మిగిలిపోయిన మేతే చంపుతుంది. వారానికోసారి పదో వంతు నుంచి ఐదో వంతు దాకా నీళ్లు మార్చండి, అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ పిల్లలతో చేయించి చార్టులో ఎక్కించండి. సబ్బు చేతులు, లోషన్ చేతులు నీళ్లలో పెట్టనివ్వొద్దు. కరెంటు పోతే వెయ్యడానికి నీళ్లు పోసి గడ్డకట్టించిన సీసాలు ఫ్రీజర్‌లో రెడీగా ఉంచండి.

చేపల్ని వదలడం, అందుకోసం ఇచ్చిన పర్మిట్‌లో రాసిన వాగులోనే, ఇంటి దగ్గర అందంగా ఉందని ఏ చెరువులోనో కాదు. బ్రూక్ ట్రౌట్ అనే రకం పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, న్యూయార్క్‌లకి రాష్ట్ర చేప, కానీ అదే చేపని పశ్చిమాన కొండవాగుల్లోకి వదిలితే అక్కడే పుట్టి పెరిగే కట్‌త్రోట్ ట్రౌట్ అనే ఇంకో రకాన్ని తరిమేసింది. ఇది పెద్ద క్లాసులవాళ్లకైతే గంటసేపు చెప్పొచ్చు.

వదిలే రోజు ముందు వాగులో రాళ్లు తిరగేసి మేఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులున్నాయేమో చూపించండి, స్టోన్‌ఫ్లైలు ఉంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టే. బకెట్‌లోకి కొంచెం కొంచెంగా వాగునీళ్లు కలుపుతూ టెంపరేచర్ సమానమయ్యాక, ఒక్కో పిల్లకి ఒక్కో కప్పులో ఒక్కో చేపనివ్వండి, తొందరపెట్టొద్దు. తిరిగొచ్చాక ట్యాంక్ కడిగి బాగా ఎండబెట్టి, చిల్లర్ ఫ్యాన్ దుమ్ము దులిపి మూతపెట్టి ఉంచండి, వచ్చే ఏడాది గుడ్ల కోసం అప్లికేషన్ ఎప్పటిలోగా ఇవ్వాలో సెలవులకి ముందే టీచర్‌ని అడిగి రాసుకోండి.