జుట్టు ఊడుతోందా? ముందు మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి

దువ్వెనకు ఉండలు ఉండలుగా జుట్టు వస్తే చాలామంది ముందు నూనె మారుస్తారు, తర్వాత షాంపూ. కానీ కుదురుకు దెబ్బ తగిలిన రోజుకీ, వెంట్రుక చేతికి వచ్చే రోజుకీ మధ్య రెండు మూడు నెలలు గడుస్తాయి. కుదురు ఎదుగుదల ఆపేసి విశ్రాంతిలోకి వెళ్లినా, వెంట్రుక అన్నాళ్లూ అందులోనే నిలిచి ఉంటుంది. అక్టోబరులో ఊడటం మొదలైతే వెతకాల్సింది జులై, ఆగస్టుల్లో. డెంగీయో టైఫాయిడో వచ్చిందా? కాన్పు అయిందా? ఆపరేషన్ జరిగిందా? అన్నం మానేసి నెలలో అయిదారు కిలోలు తగ్గారా? ఏవైనా కొత్త మందులు మొదలుపెట్టారా, గర్భనిరోధక మాత్రలు ఆపారా? ఇవన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారానికి రెండుసార్లు తలంటుకునేవాళ్లకు ఆ రోజు ఎక్కువే కనిపిస్తాయి, ఎందుకంటే మూడు నాలుగు రోజులవి ఒకేసారి వస్తాయి.

ఏ రకమో తేల్చుకోవడం

రాలిన వెంట్రుకలు ఓ పది తీసుకుని రెండు కొసలూ చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. ‘వేరుతో సహా ఊడింది, ఇక మొలవదు’ అని భయపడతారు గానీ, అది వేరు కాదు. విశ్రాంతి ముగించుకున్న వెంట్రుక అలాగే ఉంటుంది. కుదురు చర్మం లోపలే క్షేమంగా ఉంది. బొడిపె లేకుండా పొట్టి ముక్కలుగా వస్తుంటే అది ఊడటం కాదు, తెగడం. స్ట్రెయిటెనింగ్, తడి జుట్టుకు దువ్వెన పెట్టడం, వేడి డ్రయ్యర్ అందుకు కారణాలు. బోరు నీళ్ల మీద పడే నింద కూడా ఇక్కడి వరకే సరి: ఉప్పు నీళ్లు జుట్టును గరుకు చేసి తెగేలా చేయొచ్చు, మాడు పలచబడిందంటే మాత్రం కారణం వేరే ఉంటుంది.

తర్వాత లాగి చూసే పరీక్ష. 50, 60 వెంట్రుకలను కుదుళ్ల దగ్గర బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో పట్టుకుని కొస దాకా నెమ్మదిగా, ఒకే బలంతో జారుస్తూ లాగండి. తలలో నాలుగు చోట్ల ఇలా చేయండి. ప్రతిచోటా ఆరేడు వస్తుంటే ఊడటం జోరుగా ఉన్నట్టు.

ఇక అద్దం. తలంతా సమంగా పలచబడి, జడ లావు తగ్గితే మొదట చెప్పిన జ్వరం, కాన్పు లాంటి కారణాల వల్ల వచ్చేది. నుదుటి అంచు అలాగే ఉండి పాపిడి ఏటికేడు వెడల్పవుతుంటే అది వంశపారంపర్యంగా వచ్చే పలచదనం. ఇందులో కుచ్చులుగా రాలకపోవచ్చు, వెంట్రుకే సన్నబడుతూ పోతుంది. కణతల దగ్గర మాత్రమే పోతుంటే బిగుతు జడ, బరువు సవరం అనుమానించండి. రోజూ బిగించి కట్టే పోనీటెయిల్ కూడా అంతే. ముందే వదిలేస్తే తిరిగి వస్తుంది, ఏళ్లు గడిస్తే రాదు.

పరీక్షలు

సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) తప్పనిసరి. శాకాహారులైతే బీ12 కూడా. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు ఉంటే పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పే అండాశయాల సమస్య) కోసం టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ చూడాలి. హిమోగ్లోబిన్ 12 ఉందని ఐరన్ సరిపోయినట్టు కాదు. శరీరం నిల్వల్ని ముందు ఖాళీ చేసి, చివరికి రక్తాన్ని తగ్గిస్తుంది. ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్. ల్యాబు కాగితంలో 15 కూడా ‘నార్మల్’ అని ఉండొచ్చు. జుట్టు ఊడుతున్నప్పుడు చాలామంది చర్మవైద్యులు 40 దాటాలని కోరుకుంటారు. జ్వరంలో ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది కాబట్టి తగ్గాకే చేయించండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడేవాళ్లు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేదంటే థైరాయిడ్ అంకెలు తప్పుగా రావచ్చు. అసలు లోపం లేనివాళ్లకు బయోటిన్‌తో ఒరిగేదేమీ లేదు, ఎంత ఖరీదైన డబ్బా అయినా.

తలంతా రాలుతుంటే

కారణం తొలగితే మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే ఆగుతుంది. బాలింతల్లో మూడో నెల దాటాక మొదలై, బిడ్డకు ఏడాది నిండేసరికి చాలావరకు సర్దుకుంటుంది. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే కొత్తవి మొలుస్తున్నట్టు. అవి నెలకు ఒక సెంటీమీటరు చొప్పునే పెరుగుతాయి, కాబట్టి జడ లావెక్కడానికి ఏడాదికి పైనే పడుతుంది.

ఐరన్ తక్కువైతే మాత్రను నిమ్మరసంతో, రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. వరసగా రోజూ వేసుకున్నదానికంటే ఒక్కో మాత్ర నుంచి ఒంటికి ఎక్కువ అందుతుంది, కడుపులో వికారం కూడా తక్కువ. మోతాదు డాక్టరు చెప్పినదే. టీ, కాఫీ, పాలకు రెండు గంటల దూరం. థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, వెంటనే కాఫీ, టిఫిన్‌తో ఐరన్. ఏదీ సరిగా ఒంటికి పట్టదు. ఐరన్ వల్ల మలం నల్లగా రావడం మామూలే.

55 కిలోల మనిషికి రోజుకు 45 నుంచి 55 గ్రాముల ప్రొటీన్ కావాలి. పలుచటి చారు, కూర, పెరుగన్నంతో అది పూడదు. గుడ్డుకు 6 గ్రాములు, గుప్పెడు వేరుశనగలకు 7, కప్పు ముద్దపప్పుకు 8 దాకా లెక్కేసుకోండి.

పాపిడి వెడల్పవుతుంటే

ఇక్కడ పనిచేసేది మాడుకు రాసుకునే మినాక్సిడిల్ అనే మందు. ఆడవాళ్లకు 2 శాతం ద్రావణమైతే 1 మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు, 5 శాతం ఫోమ్ (నురగ) అయితే అరమూత పరిమాణంలో రోజుకు ఒకసారి. మాడు పొడిగా ఉండాలి. పాయలు తీసి చర్మం మీద రాయండి, జుట్టుకు పూస్తే వృథా. చేతులు కడుక్కోండి, నాలుగు గంటలు తల తడపకండి. రాత్రి పూట అయితే పడుకోవడానికి రెండు గంటల ముందు రాయాలి. లేకపోతే దిండుకు అంటి, అక్కణ్నుంచి మొహానికి చేరి చెంపల మీద నూగు వస్తుంది. దీని పైన నూనె వద్దు. తలంటుకునే రోజు గంట ముందు నూనె పెట్టుకోండి, సరిపోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, ఈ మందు దానికి విషం.

మొదటి నెలన్నర, రెండు నెలల్లో ఊడటం పెరగొచ్చు. పాత వెంట్రుకలను కొత్తవి నెట్టేస్తున్నాయి, అంతే. చాలామంది సరిగ్గా అప్పుడే సీసా పారేస్తారు. ఫలితం నాలుగు నుంచి ఆరు నెలలకు తెలుస్తుంది. నెలకొకసారి ఒకే కిటికీ దగ్గర, పొడి జుట్టుతో, నడి పాపిడి తీసి ఫొటో తీసుకోండి, అద్దం మోసం చేస్తుంది. మందు ఆపితే నిలిచినదంతా కొన్ని నెలల్లో పోతుంది. దురద పుడితే ద్రావణం మాని ఫోమ్‌కు మారండి. గుండెదడ, పాదాల వాపు వస్తే ఆపేసి డాక్టర్ని కలవండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. దీనికి తోడుగా డాక్టర్లు ఇచ్చే స్పైరనోలాక్టోన్ మాత్ర కూడా గర్భంలో పనికిరాదు.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనే నమ్మకం గురించి: తిరుపతిలో తలనీలాలు మొక్కు కోసం ఇవ్వండి, వైద్యం కోసం కాదు. కత్తి కుదురును తాకదు. మొండి కొస వల్ల మొదట్లో బిరుసుగా తోస్తుంది, అంతే.

పేనుకొరుకుడు

రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ రాత్రికి రాత్రి కనిపిస్తుంది. పేరులో పేను ఉన్నా దానితో సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. వెల్లుల్లి, గురివింద గింజల ముద్ద రుద్దితే చర్మం పుండవుతుంది తప్ప కారణం పోదు. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలో వాటంతటవే పూడతాయి. త్వరగా కావాలంటే చర్మవైద్యులు నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి మచ్చలోనే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు.

ఆ మచ్చలో రంధ్రాలే కనపడకుండా చర్మం మెరుస్తుంటే, అంచున ఎర్రదనం, మంట, పొట్టు ఉంటే, లేదా నుదుటి అంచుతో పాటు కనుబొమలు కూడా పోతుంటే, మూడు నెలల లెక్క ఇక్కడ వేయకండి. కుదుళ్లు మచ్చకట్టి శాశ్వతంగా మూసుకుపోయే జబ్బులు ఇలా మొదలవుతాయి. ఆ వారమే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. 4 మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి బయాప్సీకి పంపుతారు, ఒకటి రెండు కుట్లు పడతాయి.