క్రేయాన్ విరుగుతోందా? ముందు విరిగిన ముఖం చూడండి

అచ్చుపోసిన క్రేయాన్ రెండు గీతలకే విరిగిందంటే చాలామంది వెంటనే పాళ్ల మీద పడతారు. మైనాన్ని గట్టిపరిచే స్టియరిక్ ఆసిడ్ పెంచుతారు, లేదంటే మైనమే మార్చేస్తారు. దయచేసి ముందు విరిగిన ముక్కను వెలుతురులో పట్టుకుని నడిమధ్యకు చూడండి.

100 గ్రాముల మిశ్రమంలో 60 గ్రాముల పారఫిన్ మైనం, 20 స్టియరిక్ ఆసిడ్, 12 కాల్షియం కార్బొనేట్ పొడి, 8 పిగ్మెంట్ (రంగు పొడి) ఉంటే గట్టి క్రేయాన్ వస్తుంది. మీ పాళ్లు దీనికి దగ్గర్లో ఉంటే తప్పు వాటిది కాదు.

పైకి బాగానే ఉంది, మధ్యలో విరుగుతోంది

విరిగిన ముఖంలో సూది దూరేంత బొక్క కనబడితే క్రేయాన్ బోలుగా ఉన్నట్టే. కరిగిన మైనం గట్టిపడేటప్పుడు దాదాపు పదో వంతు కుంచించుకుంటుంది. అచ్చు గోడ వైపు ముందు గడ్డకడుతుంది, నోటి దగ్గర పొర కట్టి మూత పడుతుంది. లోపల మిగిలిన ద్రవం కుంచించుకునేసరికి ఆ చోటు నింపడానికి పైనుంచి మైనం రాదు. పైపొర చదునుగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకే అచ్చులోంచి వచ్చినవాటిని గ్రాముల త్రాసులో తూచండి, తక్కువ తూగినదే బోలుది.

పోయగానే అచ్చును ఐసు నీళ్లలోనో ఫ్రిజ్‌లోనో పెడితే ఇలాగే అవుతుంది. 95 డిగ్రీల దగ్గర పోసినా అంతే, వేడి పెరిగినకొద్దీ కుంచించుకునేదీ పెరుగుతుంది.

మిశ్రమాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద వద్దు. 75–80 డిగ్రీల మధ్య, గోరువెచ్చని అచ్చులో, అంచు దాటి బొడిపె వచ్చేలా పోయండి. పైన మీగడలా పొర కట్టగానే సన్నని పుల్లతో నడిమధ్యన పొడిచి, ఆ గుంటలో ఇంకాస్త మైనం పోయండి. ఇది మొదటిదానికన్నా 5 డిగ్రీలు వేడిగా ఉండాలి, లేకపోతే పాత పొరతో అతుక్కోదు. గది వేడిమిలోనే గట్టిపడనిచ్చి బొడిపెను కోసేయండి. ఫ్రిజ్ చివర్లో 10 నిమిషాలు చాలు, అదీ అచ్చు నుంచి ఊడి రావడానికే.

ఒక కొస ముదురు, ఇంకో కొస లేత

పిగ్మెంట్ అడుక్కి దిగింది. మైనం మరీ వేడెక్కి పలచబడితే ఇంకా త్వరగా దిగుతుంది. పోసే ప్రతిసారీ అడుగునుంచి కలపండి. పొడిని నేరుగా గుమ్మరించకుండా, ముందు కొద్దిగా కరిగిన స్టియరిక్ ఆసిడ్‌తో ముద్దలా నూరండి. కాగితం మీద ముదురు చుక్కలు పడుతున్నాయంటే ఉండలు మిగిలినట్టు.

రంగు విడిపోయి చుక్కలుగా తేలుతోంది

అది నీటిలో కరిగే రంగు. మైనంలో ఎప్పటికీ కలవదు, మార్చేయండి.

జారిపోతోంది, రంగు పడదు

కాల్షియం కార్బొనేట్ తక్కువైంది. కాగితాన్ని పట్టే గరుకు దానిదే.

పిగ్మెంట్ పాతబడిందేమో, అచ్చు గీసుకుపోయిందేమో అన్న అనుమానాలు చివరికి ఉంచుకోండి, చాలా అరుదు. బోలు క్రేయాన్లు పారేయనక్కర్లేదు. మళ్లీ కరిగించి బాగా కలిపి పోయండి, పాళ్లు ఏమీ చెడవు.